ఇద్దరి మధ్య గీత

గోడమీద నూకరాజు గీత మళ్ళీ లావెక్కింది.

గవర్రాజు చూశాడు. తల తిప్పి కిటికీలోంచి బయటకు చూశాడు. మళ్ళీ గోడకేసి చూశాడు. గీత అక్కడే ఉంది. పోయినవారం నులకతాడంత ఉండేది. ఇప్పుడు లంగరుతాడంత అయింది. తన గీత మాత్రం గాలానికి కట్టే దారంలా ఉంది. కళ్ళు చికిలిస్తేగాని కనపడదు.

"ఏం బావా, మాటాడవు?" అన్నాడు పక్కనున్న నూకరాజు. "ఎప్పుడు మాటాడావు గనకలే."

గవర్రాజు పడవలు చేసే వడ్రంగి. నూకరాజు కాకినాడ రేవులో చేపల వేలం పాడే మనిషి. గవర్రాజు కొడుకు, నెలలో ఎక్కువరోజులు సముద్రంమీద చేపలవేటలో ఉండే దొరబాబుకు నూకరాజు కూతురు తాయారునిచ్చి చేశారు. ఆ ఇద్దరి బిడ్డ లోవ. లోవకు మూడేళ్ళు దాటాయి. మాట రాలేదు. చెవులు బాగున్నాయి. గొంతు బాగుంది. పిలిస్తే వస్తుంది. నవ్వుతుంది. అలుగుతుంది. మాట్లాడదు.

ఆస్పత్రులన్నీ తిరిగాక ఎవరో ఈ పరిశోధనశాల సంగతి చెప్పారు. ఇక్కడ మందులివ్వరు. ఇంట్లో అందరి ముంజేతికీ ఒక్కో పూస కడతారు. ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరు పిలిస్తే ఎవరు తల తిప్పారు, ఎవరు అలిగి పక్కకు పోయారు, ఎవరి గుండె ఎప్పుడు జోరందుకుంది, అన్నీ ఆ పూసలు యంత్రానికి చేరవేస్తాయి. యంత్రం ఒక్కో మనిషిని ఒక్కో చుక్కగా గోడమీద పెడుతుంది. చుక్క నుంచి చుక్కకు గీతలు గీస్తుంది. వారానికోసారి వచ్చి చూసుకోవాలి. దానికేదో పెద్ద ఇంగ్లీషు పేరుంది. వచ్చేవాళ్ళంతా ముగ్గు అనేవారు.

ముగ్గు నడుమ లోవ చుక్క పచ్చగా వెలుగుతోంది. వెలిగి కాస్త తగ్గుతోంది, మళ్ళీ వెలుగుతోంది.

"లావు గీత మంచిదనీ, సన్నగీత చెడ్డదనీ కాదండీ," అంది డాక్టర్ అమృతవల్లి. ఆ యంత్రం తయారుచేసింది ఆమే. ప్రతివారం ఈ మాట చెబుతుంది. ఎవరూ వినరు. "గీత లావంటే రాకపోకలెక్కువని. అంతే."

"రాకపోకలెక్కువంటే ఏంటండి మరి? నామీద ప్రేమెక్కువనేగా," అన్నాడు నూకరాజు.

"ఊరుకో నాన్నా," అంది తాయారు.

"ఉన్నమాటంటే ఊరుకోడమేంటే? గోడే చెప్తంది."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. ఆ గదిలో అతను అంతవరకూ నోరు విప్పలేదు.

"పిల్లని తయారుచేత్తంది ఎవరు?" అన్నాడు.

డాక్టరమ్మ గోడవైపు నుంచి అతనివైపు తిరిగింది. "మీ రేవు దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట సుడి ఉంటుంది కదండీ. అది ఏరు చేసిందా, సముద్రం చేసిందా?" అంది.

"రెండూను," అన్నాడు నూకరాజు.

"ఏరంతా వెతికినా సుడి దొరకదు. సముద్రమంతా వెతికినా దొరకదు. రెండూ ఒరుసుకునేచోట పుడుతుంది. మనిషీ అంతే. ఇంట్లో చిన్నచిన్నవి ఎన్నో ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిలోంచి ఒకరోజు మాట పుడుతుంది. ఫలానావాళ్ళు పుట్టించారని విడదీసి చెప్పలేం. ఎటు మొగ్గుతోందో చూడగలం. అందుకే ఈ యంత్రం."

గవర్రాజుకు నచ్చలేదు. పడవను ఎవరో ఒకరు చేస్తేనే పడవ ఉంటుంది. చేసినవాడు లేకుండా తయారయ్యేది ఏముంటుంది? చేసేవాడున్నాడు. వాడి గీత లంగరుతాడంత ఉంది.

*

నూకరాజు గవర్రాజు ఇంటికి రావడానికి కారణం సముద్రం. అది ఒడ్డు కోసుకుంటూ వచ్చి అతని ఇంటిని పట్టుకుపోయింది. గోడలు లేపేదాకా ఉంటానని రేకుపెట్టెతో కూతురింటికి వచ్చాడు. గోడలు లేపడానికి కింద నేల మిగల్లేదు. అది అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కారు. కూతురింట్లో ఊరికే తింటున్నాడన్న మాట పడకూడదని నూకరాజు రోజూ రేవునుంచి కానాగంతలో, సావడాలో పట్టుకొచ్చేవాడు. తెచ్చిన చేపను గుమ్మంలో నిలబడి వీధికంతటికీ చూపించి మరీ లోపలికి వచ్చేవాడు.

రాగానే లోవ ఎదురెళ్ళేది. నూకరాజు గుమ్మం పక్కన కూర్చుని, గరిటె చేతపట్టి వేలం మొదలుపెట్టేవాడు.

"రండి బాబూ రండి! లోవమ్మగారి గిలక్కాయ! మొన్న తెచ్చింది, నిన్న విరిగింది, ఇవాళ అమ్మకానికొచ్చింది! ఎవరంటారు? పొయ్యికాడున్న తాయారమ్మగారు ఏమంటారు?"

లోవ చప్పట్లు కొట్టేది. కొట్టి గవర్రాజు వైపు చూసేది. గవర్రాజు నూకరాజు నోటిని చూసేవాడు. ఆ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని చూసేవాడు.

అతను పిల్లను దగ్గరకు తీసుకుంటే పిల్ల చేతులు చేపవాసన వేసేవి. తన చేతులు చెక్కపొట్టు వాసన. ఎంతసేపు పట్టుకుని కూర్చున్నా ఆ వాసన పిల్లకు అంటేది కాదు. పిల్ల నిద్రపోతున్నప్పుడు పక్కన చేరి, తన ముంజేతి పూసను పిల్ల ముంజేతి పూసకు ఆనించి పట్టుకునేవాడు. అలా పెడితే గోడమీద తన గీత లావెక్కుతుందేమోనని. పెరట్లో బట్టలారేస్తూ తాయారు ఒకసారి చూసింది.

గోడమీద ముగ్గు చూడకముందు గవర్రాజుకు ఇంత బాధ లేదు. ఏదో అనుమానం ఉండేది. అనుమానాన్ని పనిలో పడి మరిచిపోవచ్చు. కంటితో చూసినదాన్ని ఎలా మరిచిపోవడం?

పడవకు వాడగా మిగిలిన చెక్కముక్కతో బుల్లి పడవ చెక్కాడు. తెడ్డు, చుక్కాని అన్నీ పెట్టాడు. లోవ చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. లోవ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఒళ్ళో పెట్టుకుంది. అతని కడుపు చల్లబడింది. అంతలో నూకరాజు వచ్చాడు.

"రండి బాబూ, కొత్త పడవ! చేసినోడికి నోరు లేదు, పడవకి ఇంజను లేదు! రెండూ తోసుకుంటే కదులుతాయి! పాడండి బాబూ!"

"అది అమ్మకానికి కాదు," అన్నాడు గవర్రాజు.

"అబ్బో! పలికాడే! లోవమ్మా, మీ తాత పలికాడు! ఊరంతా చాటింపెయ్యండి!"

"నోర్ముయ్యి బావా."

"నేను మూస్తే ఈ ఇంట్లో ఇంకెవరికుందీ నోరు?"

లోవ కిందపడి దొర్లి దొర్లి నవ్వింది. బుల్లి పడవ నూకరాజు చేతిలో ఉంది. గవర్రాజుకు ఒళ్ళు మండింది.

"గోడలెప్పుడు లేపుతావు?" అన్నాడు.

నూకరాజు చెయ్యి గాలిలో ఆగింది.

"కూతురింట్లో తండ్రి ఎన్నాళ్ళు తింటాడు? ఊరు నవ్వుద్ది."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది. నూకరాజు పడవను నెమ్మదిగా లోవ పక్కన పెట్టాడు.

"నిజమే బావా," అన్నాడు. మర్నాడు రోజూకంటే ఎక్కువ చేపలు తెచ్చాడు. తాయారు కంచం పెడితే, రేవులో తినొచ్చానన్నాడు. ఆ పైరోజూ అదే చెప్పాడు.

*

గవర్రాజు ఒంటరిగా బస్సెక్కి పరిశోధనశాలకు వెళ్ళాడు.

"ముగ్గులోంచి మా బావని తీసేసి చూపించమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ తెల్లబోయింది. యంత్రం ఆ పని చేయగలదు. ఒక చుక్కను చెరిపి, మిగిలిన చుక్కలతో ముందు ముందు సంవత్సరాలను నడిపి చూస్తుంది. ఒక్కసారి కాదు, వేలసార్లు. బిడ్డ ఎన్నిసార్లు ఎటు మొగ్గిందో చెబుతుంది. ఈ సంగతి ఆమె కుటుంబాలవాళ్ళకు చెప్పదు.

"మీకెవరు చెప్పారండీ?"

"ముగ్గేగా. చుక్క చెరిపితే ఏం మిగుల్తుందో తెలీదా?"

ఆమె కాసేపు కలంతో బల్లమీద కొట్టింది. "ఆయనా ఇదే అడిగారండి," అంది చివరకు.

"ఎవరు?"

"నూకరాజుగారు. నిన్న వచ్చారు. నన్ను తీసి చూడమ్మా, పిల్లకు నష్టముంటే చెప్పు అన్నారు. మీకు చెప్పకూడదు. కానీ మీరూ అదే అడుగుతున్నారు."

"ఏమైంది?"

"పెద్ద తేడా లేదు. మాట వస్తుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

గవర్రాజు గుండెలమీద బరువు దిగింది. కొత్త పడవ దుంగలమీదనుంచి జారి నీళ్ళలో పడ్డప్పుడు ఉంటుందే, అలా ఉంది. తిరుగు బస్సులో పక్కవాడితో ఏదైనా మాట్లాడాలనిపించింది. మాట్లాడలేదు.

ఇంటికి వచ్చేసరికి మంచం కింద రేకుపెట్టె లేదు. తాయారు గుమ్మంలో కూర్చుని ఉంది.

"మా నాన్న ఎల్లిపోయాడు మావయ్యగారూ."

గవర్రాజు చెప్పులు విడిచి మూలన పెట్టాడు.

"ఎక్కడికెల్తాడు? ఇల్లుందా? వేలం పాకలో ఐసుపెట్టెల పక్కన పడుకుంటాడంట. మీ అబ్బాయి వేటనుంచొచ్చి అడిగితే ఏం చెప్పమంటారు? మా నాన్న తిన్న మెతుకులు మీరు లెక్కెట్టారని చెప్పనా?"

"నేను లెక్కెట్టలేదు."

"తెచ్చిన చేపలైనా లెక్కెట్టాల్సింది," అంది తాయారు. లేచి లోపలికి వెళ్ళింది.

*

ఇల్లు గవర్రాజుదైంది. పిల్లా అతనిదే అయింది. పనికి వెళ్ళడం మానేసి పిల్లతోనే ఉన్నాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కూర్చునేది. బొమ్మ ఇస్తే పుచ్చుకునేది. పుచ్చుకుని కింద పెట్టేది. మంచం కింద చూసేది. తలుపు వెనక చూసేది. వచ్చి మళ్ళీ ఒళ్ళో కూర్చునేది. ఇదివరకు నోటితో ఏవో కూతలు కూసేది, కేకలు పెట్టేది. అవీ తగ్గాయి.

ఒకరోజు గవర్రాజు గరిటె చేతిలోకి తీసుకున్నాడు. తాయారు నీళ్ళకు వెళ్ళింది, ఇంట్లో లోవ తప్ప ఎవరూ లేరు.

"రండి బాబూ," అన్నాడు.

తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. ఆ తరవాత ఏమనాలో తెలియలేదు. లోవ అతని మొహం చూసింది. అతని చేతిలోంచి గరిటె తీసుకుంది. తీసుకెళ్ళి గుమ్మం పక్కన, నూకరాజు కూర్చునేచోట పెట్టి వచ్చింది.

మనిషి లేకపోయినా వాడిదే పైచెయ్యి. గవర్రాజుకు ఏడుపొచ్చింది. అది దుఃఖమో అసూయో అతనికే తెలియలేదు.

వారం తిరిగింది. తాయారు పిల్లనెత్తుకుంది. ముగ్గురూ పరిశోధనశాలకు వెళ్ళారు. గోడమీద నూకరాజు చుక్క లేదు. తన గీత ఇప్పుడు లావెక్కి ఉంటుందనుకున్నాడు గవర్రాజు. వెతికాడు. కళ్ళు చికిలించాడు. గీత కనపడలేదు. లోవ చుక్క చమురైపోయిన దీపంలా ఉంది.

డాక్టరమ్మ మొహం పాలిపోయి ఉంది.

"నాదే తప్పండి," అంది. "ఆయన్ని తీసి నడిపినప్పుడు మిగిలినవాళ్ళంతా ఎలా ఉన్నారో అలాగే ఉంటారనుకుంది యంత్రం. నేనూ అలాగే అనుకున్నాను. అంటే మీరు కూడా. ఆయన లేకపోయినా మీరు ఎప్పట్లాగే ఆయనతో పోటీపడుతూ, ఉడుక్కుంటూనే ఉంటారని లెక్కకట్టింది. లేని మనిషిమీద ఎవరైనా ఎలా ఏడుస్తారు?"

తాయారు మామగారి వైపు చూసింది. అతను గోడవైపే చూస్తున్నాడు.

"నిన్న మళ్ళీ నడిపాను. ఈసారి ఎవరి చుక్కా తియ్యలేదు. ఒక్క గీత చెరిపాను."

ఆమె ఏదో నొక్కింది. పాత ముగ్గు వచ్చింది. నూకరాజు చుక్క వచ్చింది. లోవ దగ్గరికి వెళ్ళే గీతలు వచ్చాయి. వాటికి అవతల, గవర్రాజు చుక్కకూ నూకరాజు చుక్కకూ మధ్య ఒక గీత ఉంది. ముగ్గు మొత్తంలో అంత లావుది మరొకటి లేదు. పక్కన లంగరుతాడు కూడా పురికొసలా ఉంది.

ఇన్ని వారాలూ అది అక్కడే ఉంది. ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. పిల్ల దగ్గరికి వెళ్ళే గీతలే చూశారు.

"ఇదేంటి?" అన్నాడు గవర్రాజు.

"మీ ఇద్దరిదీనండి. ఆయన ఒక మాటంటారు. మీ గుండె జోరందుకుంటుంది. మీరు మొహం చిట్లిస్తారు. అది చూసి ఆయన ఇంకోటంటారు. పాప చూసేది దాన్నే. ఒక మాట బయటపడితే ఎదుటిమనిషి ఏమవుతాడో మీ మొహంలో చదువుకుంటోంది. మాట ఎందుకో తెలిసేది అక్కడే. ఆ గీత తీసేస్తే…"

తీసింది. లోవ చుక్క సన్నగిల్లింది. మళ్ళీ నడిపింది. మళ్ళీ సన్నగిల్లింది.

"ఈ వయసులో దారి తడిమట్టిలా ఉంటుందండి. ఎటైనా తిరుగుతుంది. ఎంతకాలం మెత్తగా ఉంటుందో చెప్పలేను. గట్టిపడ్డాక మార్చడం కష్టం."

"అయితే నా ఏడుపు…" అని ఆగాడు గవర్రాజు.

"అవునండి," అంది డాక్టరమ్మ.

తాయారు పిల్లను అతని చేతుల్లో పెట్టింది. "ఎల్లి తీసుకురండి," అంది. "నేనెల్తే రాడు. అన్నది మీరు."

*

రేవులో పొద్దుటి వేలం నడుస్తోంది. గవర్రాజు లోవను భుజానెక్కించుకుని జనంలోంచి నడిచాడు. దూరంనుంచే నూకరాజు గొంతు వినపడింది. బొంగురుపోయి ఉంది. ఆ గొంతు వినగానే అతని మెడచుట్టూ లోవ కాళ్ళు బిగుసుకున్నాయి. బతిమాలడానికి వచ్చినవాడికి అప్పుడు కూడా లోపల చురుక్కుమంది.

బస్సులో దారిపొడుగునా ఒక్క మాట తయారుచేసుకున్నాడు. ఇంటికి రా బావా. అంతే. ఎదురుగా నిలబడేసరికి అది రాలేదు.

"నీ గొంతు పాడైంది," అన్నాడు.

"నీకు సంతోషమేగా," అన్నాడు నూకరాజు. కళ్ళు మాత్రం లోవమీద ఉన్నాయి.

"ఆఁ."

చేపలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు నవ్వారు. "ఏం పెద్దయ్యా, వియ్యంకుణ్ణి వేలంలో పాడుకుందామనొచ్చావా?" అంది ఒకామె.

"ఎవరికీ అక్కర్లేని సరుకమ్మా ఇది," అన్నాడు నూకరాజు. "నేను లేకపోయినా పిల్లకి నష్టం లేదంట. యంత్రమే చెప్పింది."

గవర్రాజు లోవను దింపి బోర్లించిన గంపమీద నిలబెట్టాడు.

"యంత్రం తప్పు చెప్పింది."

"ఏంటి తప్పు?"

"నేను…" అన్నాడు గవర్రాజు. "నేను ఏడవడానికి నువ్వుండాలంట."

"ఏంటీ?"

"నీమీద. నేను ఏడవాలంట. పిల్లకి అది కావాలంట."

నూకరాజు చేతిలో ఉన్న చేపను గంపలో పడేశాడు. "నువ్వు నామీద ఏడ్చావా? దేనికి? ఇల్లుందనా, వాకిలుందనా?"

"పిల్ల నీతో ఆడుద్ది."

"నాతో ఆడుద్ది, నిన్ను చూసుద్ది!" నూకరాజు అరిచాడు. వేలం ఆగిపోయింది. "పొద్దస్తమానం గొంతు చించుకునేది నేను. ఒక కేకేసి చూసేసరికి దాని కళ్ళు నీ మొహమ్మీద ఉండేవి. నేను కోతిలా గెంతాలి. నువ్వు మూతి ముడవాలి. అప్పుడు నవ్వుద్ది! ఆ గోడమీద గీత ఎంత లావుంటే నాకేంటి? పిల్ల ఎటు చూత్తందో నాకు కళ్ళు లేవా? కడుపు మండిపోయేది బావా. నోట్లోంచి ముత్యం రాలని మనిషిలో ఏముందని దానికి?"

గవర్రాజు నిలబడిపోయాడు. తనమీద ఏడ్చేవాడు లోకంలో ఒకడుంటాడని అతను ఎన్నడూ అనుకోలేదు. ఏదో అనాలి. పెదవులు కదిలాయి. మాట రాలేదు. నూకరాజు కూడా రొప్పుతూ ఊరుకున్నాడు. అతని దగ్గరా మాటలైపోయాయి.

లోవ ఒకరి మొహం చూసింది. ఇంకొకరి మొహం చూసింది. కాసేపు ఆగింది. గంపమీదే ముందుకు వంగి, గవర్రాజు గెడ్డాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆ మొహాన్ని నూకరాజు వైపు తిప్పింది.

"మాట్టాడు," అంది.

గంపల దగ్గర ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. ఎవరో ఏమన్నదమ్మా అంటున్నారు. నూకరాజు కళ్ళు నిండాయి. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తువ్వాలు తీశాక, ఆ కన్నీళ్ళ కింద ఇంకోటి కనపడింది గవర్రాజుకు. దాన్ని అతను బాగా ఎరుగును. మొదటి మాట వేరేవాడికి పోయినవాడి మొహం అది.

"విన్నావా బావా?" అన్నాడు గవర్రాజు. "నాతోనే అంది."

"నీకు నోరు లేదని జాలిపడి అంది."

"నాతోనే అంది."

"ఒక్క మాటేగా! దానికే ఇంత మిడిసిపాటా? మిగతా మాటలన్నీ నావే. సూత్తా ఉండు." నూకరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పాకలోంచి రేకుపెట్టె తెచ్చుకున్నాడు. మిగిలిన గంపలు ఎవరైనా పాడుకోండని కేకేసి, బస్టాండుకు ముందుగా నడిచాడు. వెనక్కి తిరిగి లోవకోసం చేతులు చాచాడు. గవర్రాజు ఇవ్వలేదు.

బస్సులో లోవ ఎవరి ఒళ్ళో కూర్చోవాలో తేలేసరికి రెండు బస్సులు వెళ్ళిపోయాయి.